పాత జలాంతర్గామి ప్లాన్లు వెతుకుతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చదవండి

2023 జూన్ 18న టైటానిక్ శిథిలాల వైపు దిగుతూ టైటన్ అనే బుల్లి జలాంతర్గామి నలిగిపోయింది. అయిదుగురు పోయారు. రెండేళ్ళ తర్వాత, 2025 ఆగస్టులో, అమెరికా కోస్ట్ గార్డ్ విచారణ బోర్డు అవి తప్పించగలిగిన చావులేనని తేల్చి చెప్పింది. డిజైన్ సరిపోకపోవడం, సర్టిఫికేషన్ లేకపోవడం, తనిఖీలు సరిగా చేయకపోవడం కారణాలంది. ఆ నివేదిక గురించి తెలిసినవాళ్ళు కూడా రెండో ప్రపంచ యుద్ధం నాటి బుల్లి జలాంతర్గాముల ప్లాన్లు వెతుకుతూ, "అప్పటివాళ్ళు కట్టి నడిపారు కదా, ప్లాను దొరికితే మనమూ కట్టొచ్చు" అంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈత రావాలి, ఒంటరిగా దిగకూడదు లాంటివి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్క తప్పు గురించి. వెల్డింగులో మంచి చెయ్యి ఉన్నవాళ్ళు, ఏళ్ళ తరబడి డబ్బు పోసినవాళ్ళు అందులోనే పడడం చూశాను. పాత డ్రాయింగులో ఆకారం ఉంటుంది, బలం ఉండదు. ఆకారం దొరకగానే బలం కూడా చేతికొచ్చిందనుకుంటారు.

కాగితం ఎక్కడిది?

బ్రిటిష్ ఎక్స్ క్రాఫ్ట్ కోసమైతే (1943 సెప్టెంబరులో నార్వేలో జర్మన్ యుద్ధనౌక తిర్పిట్స్ కింద పేలుడు పదార్థాలు పెట్టినవి ఇవే) లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో అడ్మిరల్టీ (బ్రిటిష్ నౌకాదళ శాఖ) ఫైళ్ళు, గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో నౌకల ప్లాన్లు వెతకండి. జర్మన్ బుల్లి జలాంతర్గాములు జేహుంట్, బీబర్‌లకు జర్మనీలో ఫ్రైబుర్గ్‌లోని సైనిక ఆర్కైవ్స్. జపాన్ వాటికి, యుద్ధం ముగిశాక అమెరికా నౌకాదళ సాంకేతిక బృందం అక్కడికి వెళ్ళి రాసిన నివేదికలు.

చేతికొచ్చిన కాగితం మూల చూడండి. డ్రాయింగు నంబరు, తేదీ, సవరణ గుర్తు ఉన్నాయా? లేకపోతే అది ఎవరో మోడల్ తయారీదారు ఫోటోలు చూసి గీసుకున్నదై ఉండొచ్చు. దాన్ని బొమ్మగానే చూడండి. నిజమైన డ్రాయింగే అయినా, కట్టకముందు గీసిందా, కట్టాక గీసిందా అన్నది వేరే ప్రశ్న. పాత కాగితం ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ సాగుతుంది, కుంచించుకుపోతుంది. అందుకని రాసి ఉన్న కొలతను నిలువులోనూ అడ్డంలోనూ సరిచూడండి.

మ్యూజియంలో పడవను టేపుతో కొలిస్తే చాలనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్న జపాన్ పడవ, 1942 మే 31న సిడ్నీ రేవు మీద దాడికి వచ్చిన రెండు పడవల ముక్కలు కలిపి నిలబెట్టింది. దాని పొడవునా టేపు పట్టి తెచ్చే కొలతలు ఏ పడవవి?

రిమోట్‌తో నడిపే మోడల్ కోసమైతే ఈ జాగ్రత్త చాలు. హాయిగా కట్టుకోండి.

లోపల మనిషి కూర్చునేదైతే

బయటి నుంచి ఒత్తిడి పడే గొట్టం మెల్లగా చిరిగి ముందే హెచ్చరించదు, ఒక్కసారిగా నలుగుతుంది. ఎంత లోతులో నలుగుతుందన్నది రేకు మందం, వ్యాసం, గొట్టాన్ని బిగించి పట్టే ఫ్రేముల మధ్య దూరం, ఉక్కు రకం, వీటితోపాటు గొట్టం ఎంత కచ్చితంగా గుండ్రంగా ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. గ్యాస్ ట్యాంకులో లోపలి ఒత్తిడి చిన్న సొట్టను బయటికి తోస్తుంది. జలాంతర్గామిలో బయటి ఒత్తిడి అదే సొట్టను ఇంకా లోపలికి తోస్తుంది. వెల్డింగు వేడికి రేకు ఎక్కడ ఎంత వంగిందో మీ డ్రాయింగుకు తెలియదు. మళ్ళీ చెబుతున్నాను, అందులో ఉన్నది ఆకారమే.

ప్లానును తగ్గించి కట్టాలనుకునేవాళ్ళు ఒక లెక్క వేసుకోండి. కొలతలన్నీ సగం చేస్తే లోపలి చోటు, తేలే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతాయి. మనిషి బరువు మాత్రం అంతే ఉంటుంది. అతను ముందుకు వంగితే పడవ ముక్కు కిందికి దిగుతుంది.

ఆ కాలం వాళ్ళు నడిపారు కదా అనే మాటకు జవాబు బీబర్. ఒక్క మనిషి నడిపే పడవ, లోపల పెట్రోలు ఇంజను. 1944 డిసెంబరులో ఇంగ్లండ్ దగ్గరి సముద్రంలో తేలుతూ దొరికిన 90వ నంబరు బీబర్‌లో నడిపేవాడు కార్బన్ మోనాక్సైడ్‌కు చనిపోయి ఉన్నాడు. ఆ పడవ ఇప్పుడు బ్రిటన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో ఉంది. దాని ప్లానును ఉన్నదున్నట్టు కడితే మీకొచ్చేది ఆ పడవే.

ఇక వరసగా:

- మూసిన హల్‌లో (పడవ గొట్టంలో) పెట్రోలు ఇంజను పెట్టొద్దు.
- బయటికి తెరుచుకునే హ్యాచ్‌ను నీళ్ళ కింద చేత్తో తోసి తెరవగలననుకోవద్దు. 50 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి మూత మీద 10 మీటర్ల లోతులో దాదాపు 2 టన్నుల బరువు పడుతుంది. ఒక్క మీటరు లోతులోనే 200 కిలోలు.
- ఆక్సిజన్ ఉంది కదా అని ధీమా వద్దు. మూసిన చోట అది అయిపోకముందే కార్బన్ డయాక్సైడ్ మనిషిని పడగొడుతుంది. దాన్ని పీల్చే రసాయనం, కొలిచే మీటరు రెండూ ఉండాలి.
- లెడ్ యాసిడ్ బ్యాటరీలోకి ఉప్పునీరు పోతే క్లోరిన్ వస్తుంది. చార్జింగులో హైడ్రోజన్. గాలి ఆడనిదే చార్జి చేయొద్దు.
- బల్లాస్ట్ (పడవను ముంచే బరువు) వదిలే ఏర్పాటు కరెంటు లేకున్నా చేత్తో పనిచేయాలి.
- కొలతల కోసం మునిగిన యుద్ధకాలపు పడవల దగ్గరికి వెళ్ళొద్దు. కొన్నింట్లో పేలుడు పదార్థాలు, కొన్నింట్లో మనుషుల అవశేషాలు ఉంటాయి.
- దొరికిన పాత సిలిండరును హల్‌గా వాడొద్దు.
- కిటికీ అద్దం మందం ప్లాను చూసి నిర్ణయించొద్దు.
- నౌకలకు సర్టిఫికెట్లిచ్చే సంస్థలైన ఎ.బి.ఎస్., డి.ఎన్.వి., లాయిడ్స్ రిజిస్టర్‌ల జలాంతర్గామి నియమాలు చదివిన ఇంజనీరు చేత హల్ లెక్క కొత్తగా వేయించండి. పాత డ్రాయింగు మీద రాసిన లోతు అంకెను ఆ లెక్కలోకి రానివ్వొద్దు. ఆ అంకె వాళ్ళ ఉక్కుకు, వాళ్ళ వెల్డింగుకు చెందింది.
- మొదటిసారి మనిషిని కూర్చోబెట్టి దించొద్దు. ఖాళీ హల్‌ను తాడు మీద, మీరు వెళ్ళదలచుకున్న లోతు కంటే బాగా కిందికి దించి, పైకి తీసి, గుండ్రం మళ్ళీ కొలవండి. కొలత మారితే ఆ హల్‌ను తుక్కుకు వేసేయండి.