సెకండ్ హ్యాండ్ బోటుతో మొదటిసారి ఉప్పునీళ్లలోకి: గాల్వెస్టన్ బే వెళ్లే కుటుంబాలకు జాగ్రత్తలు

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో సెకండ్ హ్యాండ్ మోటారు బోటు కొనుక్కునేవాళ్లు బాగానే కనిపిస్తున్నారు. 18, 20 అడుగుల బోటు, ట్రెయిలర్, బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ అన్నీ కలిపి ఒక పాత కారు ధరకి వచ్చేస్తాయి. కొన్న వారానికే పిల్లలు ఎప్పుడు వెళ్దామని వెంటపడతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, స్కూళ్లకి సెలవులు, శనివారం ఎండ కూడా బాగుంటుంది. అందర్నీ ఎక్కించుకుని నేరుగా గాల్వెస్టన్ బేకి, అంటే అక్కడి సముద్రపు ఖాతంలోకి వెళ్లిపోవాలనిపిస్తుంది. దయచేసి అలా వెళ్లకండి. బోటు ఉప్పునీళ్లలో దిగే మొదటి రోజూ, మీ ఇంటిల్లిపాదీ బోటెక్కే మొదటి రోజూ ఒకటే కాకూడదు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు చెరువులో నడిపి చూడండి

మొదటి రౌండు లేక్ కాన్రోలోనో, మీకు దగ్గర్లో ఉన్న మరో మంచినీటి లేక్‌లోనో అవ్వాలి. పిల్లలు వద్దు, పెద్దవాళ్లు వద్దు. మీరూ, ఇంకో పెద్ద మనిషీ చాలు. ఇంజన్ స్టార్ట్ చేయగానే వెనక్కి తిరిగి చూడండి. ఔట్‌బోర్డ్ పక్కన చిన్న రంధ్రం నుంచి నీళ్లు ధారగా బయటికి చిమ్మాలి. ఇంజన్‌ని చల్లబరిచే పంపు పనిచేస్తోందని చెప్పేది ఆ ధారే. అది సన్నగా, ఆగి ఆగి వస్తున్నా, అసలు రాకపోయినా ఇంజన్ ఆపేసి ఒడ్డుకి రండి. ఆ పంపులో ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం ఉంటుంది. అమ్మినాయన దగ్గర దాన్ని ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, చూడ్డానికి బాగున్నా సరే మార్పించేయండి. పెద్ద ఖర్చు కాదు.

ఒక గంట నడిపాక ఇంజన్ ఆపి, పది నిమిషాలుండి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కీ తిప్పుకే అందుకునే పాత ఇంజన్లు కొన్ని, వేడెక్కాక మొరాయిస్తాయి. లంగరు వేసి పిల్లలు ఆడుకున్న తర్వాత ఇంజన్ అందుకోకపోతే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. బోటు అడుగున బకెట్ నీళ్లు పోసి, అక్కడ చేరిన నీళ్లని బయటికి తోడే బిల్జ్ పంపు దానంతటది ఆన్ అవుతోందో లేదో చూడండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే తీయించండి. ఇక్కడి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది నెలల తరబడి కదలకుండా ఉంటే తేమని లాక్కుని అడుగున నీళ్లు చేరతాయి. ఇంధనం ఫిల్టర్ కూడా కొత్తది వేయించండి. ఇంజన్ బోటు లోపల ఉండే రకమైతే స్టార్ట్ చేసే ముందు లోపలి గాలిని బయటికి నెట్టే ఫ్యాన్ (బ్లోయర్) నాలుగు నిమిషాలు నడపాలి. లోపల పేరుకున్న పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా కీ తిప్పితే అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంజన్ కన్నా ముఖ్యమైన సాధన ఇంకొకటుంది. ఒక కుషన్ నీళ్లలోకి విసిరి, దాన్ని మనిషి అనుకుని తిరిగి వచ్చి అందుకోండి. ఒకరు వేలు చూపిస్తూ దానిమీంచి చూపు తిప్పకూడదు, ఇంకొకరు మెల్లగా తిప్పుకుంటూ రావాలి, దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ పూర్తిగా ఆపేయాలి. న్యూట్రల్ చాలదు. ప్రొపెల్లర్ దగ్గర నీళ్లలో మనిషి ఉన్నప్పుడు కీ ఆఫ్‌లోనే ఉండాలి. తర్వాత మీలో ఒకరు లైఫ్ జాకెట్‌తో నిజంగానే నీళ్లలో దిగి నిచ్చెన పట్టుకుని ఎక్కి చూడండి. నిచ్చెన లేని బోట్లు, ఉన్నా నీటిమట్టం దాకా రాని నిచ్చెనలు చాలా ఉన్నాయి. తడిసిన బట్టలతో చేతుల బలం మీద పైకి లేవడం పడుచువాళ్లకే కష్టం.

లేక్ బోటుకి ఉప్పునీళ్లు ఏం చేస్తాయి

ఇంజన్ కింది భాగంలో బోల్టులతో బిగించిన లోహపు దిమ్మలు ఒకటో రెండో కనిపిస్తాయి. వాటిని యానోడ్లు అంటారు. ఇంజన్ లోహాన్ని తినాల్సిన తుప్పు ముందు వీటిని తింటుంది. మంచినీళ్లలో తిరిగే బోట్లకి మెగ్నీషియం యానోడ్లు వేస్తారు. అవే ఉప్పునీళ్లలో విపరీతమైన వేగంతో కరిగిపోతాయి. ఉప్పునీళ్లకి జింక్‌వో, అల్యూమినియంవో ఉండాలి. చేత్తో తడిమి చూడండి. సగానికి పైగా అరిగి గుంటలు పడి ఉంటే వెంటనే మార్చాలి, కొత్తగా ఉన్నా ఏ లోహమో అడిగి తెలుసుకోవాలి. వాటి మీద ఎవరైనా పెయింట్ వేసి ఉంటే అవి పనిచేయవు.

ట్రెయిలర్‌ని ఎవరూ పట్టించుకోరు కానీ దారిలో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా అదే. ఐ-45 హైవే మీద యాభై మైళ్లు వచ్చాక చక్రాల బేరింగులు వేడిగా ఉంటాయి. ఆ వేడి మీదే నీళ్లలోకి దించితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుని, సీలు సందులోంచి ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటుంది. బోటుని నీళ్లలోకి దించే వాలు (ర్యాంప్) దగ్గరికి రాగానే దించబోకండి. ఇరవై నిమిషాలు పక్కన ఆపి ఆ టైములో సామాన్లు సర్దుకోండి, జాకెట్లు తొడగండి, బోటు అడుగు రంధ్రాన్ని మూసే డ్రెయిన్ ప్లగ్ బిగించండి. ప్లగ్ బిగించారా అని ఇద్దరు చూడాలి, ఒక్కరు చూస్తే చాలదు. ర్యాంప్ చివర పాచి బాగా జారుతుంది, ట్రెయిలర్ వెనక పిల్లల్ని నిలబడనివ్వకండి.

లేక్‌లో అడగనివి కూడా ఇక్కడ అడుగుతారు

లైఫ్ జాకెట్ ఎంతమంది ఉంటే అన్ని ఉండాలి, ఒక్కొక్కరి సైజుకి సరిపోవాలి. 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలన్నది టెక్సస్ చట్టం. నా మాట మాత్రం అందరూ వేసుకోవాలనే. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో బోటు ప్రమాదాల్లో పోయినవాళ్లలో సుమారు నాలుగింట మూడొంతులు మునిగిపోయినవాళ్లే, అలా మునిగినవాళ్లలో ఎనభై శాతానికి పైగా జాకెట్ లేనివాళ్లే. పిల్లలకి తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు.

16 అడుగులు, అంతకు మించిన బోటులో విసిరి అందించే రింగో కుషనో ఒకటి ఉండాలి. తీర జలాల్లో పగలూ రాత్రీ పనికొచ్చే ప్రమాద సంకేతాలు కూడా కావాలి. లేక్ బోట్లలో ఇవి తరచుగా ఉండవు, ఉన్నా గడువు దాటి ఉంటాయి. వీటిలో మండించి వెలుగు చూపే ఫ్లేర్‌లు తయారైన నాటి నుంచి 42 నెలల వరకే చెల్లుతాయి. అగ్నిమాపక సిలిండర్ మీద తేదీ చూడండి, వాడి పారేసే రకానికి 12 ఏళ్లే గడువు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ వాలంటీర్లు ఉచితంగా చూసిపెడతారు. ఏదైనా లోపం ఉన్నా ఫైన్ వేయరు. ఒక్క ఫోన్ కాల్‌తో అయ్యే పని, తప్పకుండా చేయించుకోండి. కాగితాల విషయంలో ఒక్క మాట. టెక్సస్‌లో బోటుకి ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), ఔట్‌బోర్డ్ ఇంజన్‌కి వేరే టైటిల్ ఉంటాయి. డబ్బులు ఇచ్చే ముందే రెండూ చూడండి. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. అంతకు ముందు పుట్టినవాళ్లు కూడా చేయడం మంచిది, ఆన్‌లైన్‌లో అయిపోతుంది.

నడిపేవాడు నీళ్లలో పడితే

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేదేమిటంటే, బోటు కొన్నాయనే నడుపుతాడు, ఇంట్లో మిగతావాళ్లకి ఒక్క స్విచ్ కూడా తెలియదు. ఆయనే జారి నీళ్లలో పడితే? అందుకే ఇంజన్ కటాఫ్ తాడు ఉంటుంది. ఒక కొస నడిపేవాళ్ల జాకెట్‌కి, రెండో కొస స్విచ్‌కి. మనిషి పడగానే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. 26 అడుగుల లోపు బోటు వేగంగా వెళ్లేటప్పుడు దీన్ని తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. కానీ ఆ తాడు నీళ్లలో పడ్డవాళ్లతోనే పోతుంది కదా, మరి బోటులో ఉన్నవాళ్లు ఇంజన్ మళ్లీ ఎలా స్టార్ట్ చేస్తారు? రెండో తాడు ఒకటి కొని బోటులో అందరికీ తెలిసిన చోట కట్టి ఉంచండి. మీ భార్యో భర్తో దాన్ని తగిలించి ఇంజన్ స్టార్ట్ చేసి, వెనక్కి తిప్పి, ఆపడం లేక్‌లోనే నేర్చుకోవాలి.

తీరానికి కాస్త దూరం వెళ్తే సెల్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోలేం. బోట్లలో మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో, చేతిలో పట్టుకునేది, నీళ్లలో పడినా తేలేది ఒకటి కొనండి. 16వ ఛానెల్‌లో కోస్ట్ గార్డ్ వింటూ ఉంటుంది. స్టీరింగ్ పక్కన ఒక కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి అతికించండి. అందులో ప్రాణాపాయంలో పిలిచే "మేడే, మేడే, మేడే", బోటు పేరు లేదా నంబరు, ఎక్కడున్నాం, ఏం జరిగింది, ఎంతమందిమి అని వరసగా రాయండి. అమ్మమ్మ కూడా చదవగలిగేలా తెలుగు లిపిలో ఇంకో కాపీ ఉంటే మరీ మంచిది. ఇంజన్ చెడిపోయి ఊరికే ఆగిపోతే కోస్ట్ గార్డ్ లాక్కుని రాదు, టోయింగ్ కంపెనీ మెంబర్‌షిప్ ముందే తీసుకుని ఉండాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒడ్డున ఉన్న ఒక స్నేహితుడికి రాసి పంపండి.

బే స్వభావం

గాల్వెస్టన్ బే విస్తీర్ణం సుమారు 600 చదరపు మైళ్లు, లోతు చూస్తే సగటున ఏడెనిమిది అడుగులే. లోతు తక్కువైన చోట గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చిన్న బోటుని ఎత్తి కుదేస్తాయి. మొదటిసారి గాలి 10 నాట్లు (గంటకి సుమారు పదకొండున్నర మైళ్లు) దాటే రోజున వెళ్లకండి. జాతీయ వాతావరణ సంస్థ గాల్వెస్టన్ బేకి ప్రత్యేకంగా మెరైన్ ఫోర్‌కాస్ట్ ఇస్తుంది, ఫోన్లో వచ్చే మామూలు వాతావరణం కాకుండా దాన్నే చూడండి. వేసవిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి పెరుగుతుంది, ఉరుములూ వస్తాయి. తెల్లవారగానే దిగి పదకొండుకి ఒడ్డెక్కేయండి. ఉరుము వినపడిందంటే ఆలస్యమైనట్టే. చలికాలం దగ్గర పడ్డాక ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే బేలో నీరు సముద్రంలోకి నెట్టుకుపోతుంది. పొద్దున లోతున్న చోట సాయంత్రానికి ఆల్చిప్పల దిబ్బలు పైకి తేలతాయి. వాటి మీద ప్రొపెల్లర్ తగిలితే అంతే సంగతులు.

హ్యూస్టన్ షిప్ ఛానెల్ బే మధ్యలోంచి వెళ్తుంది. ఆ ఓడలు ఆగాలంటే మైలు దూరం పైనే పడుతుంది, అవి మీ కోసం పక్కకి తప్పుకోలేవు. పెద్ద ఓడ పోతున్నప్పుడు ఒడ్డు దగ్గర నీరు ముందు వెనక్కి లాక్కుంటుంది, తర్వాత ఎత్తుగా మీదికి వస్తుంది. ఓడ దూరంగా వెళ్లిపోయిందని పిల్లల్ని మోకాలి లోతులో వదిలేస్తే ఆ నీరే లాక్కుపోతుంది. మొదటి రోజు ఛానెల్ దాటే పని పెట్టుకోకండి. అలాగే ఆ మొదటి సీజన్‌లో బే ముఖద్వారం దగ్గర సముద్రంలోకి కట్టిన రాళ్ల గట్లు (జెట్టీలు) దాటి గల్ఫ్‌లోకి వెళ్లకండి, ఎంత ప్రశాంతంగా కనిపించినా సరే.

మరి ఎక్కడికి వెళ్లాలంటే, గాల్వెస్టన్‌లో ఆఫట్స్ బయూ అనుకూలం. మూడు వైపులా ఒడ్డు ఉండి గాలి తక్కువ తగులుతుంది, 61వ వీధి దగ్గర ర్యాంప్ ఉంది. రెండు గంటలు తిరిగి రండి. పెట్రోలు లెక్క మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు కదపకుండా.

పెద్దవాళ్లు, పిల్లలు, తిండి

బోటు లోపల ఒక ప్లేటు మీద ఎంతమంది, ఎన్ని పౌండ్లు అని రాసి ఉంటుంది. ఇక్కడే మన మొహమాటం అడ్డొస్తుంది. స్నేహితుల కుటుంబం ర్యాంప్ దగ్గర కలిస్తే "ఇంకో ఇద్దరే కదా, సర్దుకుందాం" అంటాం. సర్దుకోవద్దు. వాళ్లని రెండో విడత తిప్పండి, కోపగించుకున్నా పర్వాలేదు.

అమ్మానాన్నల్ని ముందు భాగంలో కూర్చోబెట్టకండి. అల తగిలినప్పుడు బోటు ముందు భాగమే ఎక్కువ ఎగిరిపడుతుంది, నడుములు దెబ్బతింటాయి. వెనక, మధ్యకి దగ్గరగా కూర్చోమనండి. చీర కన్నా చుడీదార్ మేలు, చున్నీ మాత్రం ఇంట్లోనే ఉంచాలి. బీపీ, షుగర్ మాత్రలు నీళ్లు చేరని డబ్బాలో పెట్టండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర గంట ముందే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో రాకూడదు, ఫోన్ చూడకుండా దూరంగా తీరాన్ని చూడాలి. పులిహోర బాగుంటుంది, పెరుగన్నం అయితే ఐస్ బాక్సులో ఉండాలి. మంచినీళ్లు అనుకున్నదానికి రెట్టింపు పట్టుకెళ్లండి.

గల్ఫ్ వెచ్చటి నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి గాయం ద్వారా అది చాలా ప్రమాదం. కాలికి పుండో, గీతో ఉంటే నీళ్లలో దిగనివ్వకండి. అక్కడే గీసుకుంటే మంచినీళ్లు, సబ్బుతో కడగండి. తర్వాత ఎర్రబడి వాస్తే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లి ఉప్పునీళ్లలో తగిలిందని చెప్పండి. గాలానికి పడే హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్‌ని చేత్తో పట్టుకోకండి, రెక్కల దగ్గరి ముల్లు గుచ్చుకుంటే నొప్పి భరించలేరు. లోతు తక్కువ చోట నడిచేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే స్టింగ్‌రేలు ముందే తప్పుకుంటాయి.

ఇంటికి వచ్చాక

అలిసిపోయి ఉంటారు, అయినా అదే రోజు చేయాలి. ఇంజన్ నీళ్లు పీల్చే చోట పైపు తగిలించుకునే రబ్బరు కప్పులు (మఫ్‌లు) తగిలించి, గార్డెన్ పైపు నీళ్లతో పది పదిహేను నిమిషాలు నడపండి, లోపల ఉప్పు కడిగి పోతుంది. ఆపాక ఇంజన్‌ని నిలువుగా దించి ఉంచండి, మిగిలిన నీళ్లు కారిపోతాయి. ట్రెయిలర్ స్ప్రింగులు, బ్రేకులు, లైట్లు మంచినీళ్లతో కడగండి. మర్నాడు ఇంజన్ కింది భాగంలోని గేర్ల పెట్టె (గేరు కేసు) కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి నూనె రంగు చూడండి. అది పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయన్నమాట. సీలు మార్పించేదాకా బోటు బయటికి తీయకండి.