ఎండకాలంలో దుడుకు కుక్కపిల్లను సాకే తీరు

నాలుగైదు నెలల కుక్కపిల్లకు ఆట ఎక్కడ ఆపాలో తెలియదు. పెద్ద కుక్క ఎండ చురుక్కుమనగానే నీడ వెతుక్కొని పడుకుంటుంది గాని, పిల్ల మాత్రం మనం బంతి విసిరినంతసేపూ నాలుక వేలాడేసుకొని పరుగెత్తుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. హన్మకొండలో ఎండ 43, 44 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో ఆట ఆపే బాధ్యత సాకేవారిదే. అయితే ఆపితే సరిపోదు, ఆగిన పిల్ల చెప్పులు కొరుకుతుంది. అందుచేత ఈ రెండు నెలలు దాని కాళ్లకు కాక ముక్కుకు, నోటికి పని పెట్టాలి.

ముందుగా ఇంటిని సరిచూసుకోవాలి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తల దగ్గర కొద్దిగా పడుతుంది గాని దానితో ఒళ్లు చల్లబడదు. నోరు తెరిచి రొప్పుతూ, నాలుక మీది తడిని ఆవిరి చేసుకోవడమే దానికి ముఖ్యమైన ఆధారం. గాలిలో తేమ పెరిగితే ఆ తడి ఆరదు. కూలర్ విషయంలో మనం చేసే పొరపాటు ఇక్కడే ఉన్నది. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి గది లోపల కూలర్ పెడితే కాసేపు చల్లగానే ఉంటుంది. తరువాత గదంతా ఉక్కపోసి, మంచం మీది దుప్పటి కూడా చెమ్మగిల్లుతుంది. కూలర్‌ను కిటికీ బయట బిగించి, ఎదురుగా ఉన్న తలుపునో కిటికీనో జానెడు తెరిచి ఉంచితే తేమ గాలి బయటకు పోతుంది. తొలకరి పడ్డాక నీళ్ల మోటరు ఆపి వట్టి ఫ్యాన్ నడపడమే మేలు. కూలర్ వైరును మాత్రం పిల్లకు అందకుండా కట్టాలి, ఎందుకంటే పళ్లు మారే వయసులో అది తీగ కనబడితే కొరకకుండా వదలదు.

స్లాబు కింది గది రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది కాబట్టి, కింది అంతస్తులో షాబాదు బండలు పరిచిన గది ఉంటే పిల్ల పడకను అక్కడికి మార్చాలి. తడిపిన గోనె తట్టును కింద పరచవచ్చు గాని ఒంటి మీద కప్పరాదు. అది కాసేపటికే వేడెక్కి, ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. తాగే నీళ్లను అది తన్నినా పడిపోని బరువైన మట్టి తొట్టిలో పోసి, రెండు చోట్ల పెట్టాలి.

బయటి నడక పొద్దున ఆరున్నరలోపు ముగియాలి. సాయంత్రం సూర్యుడు గూకినా సీసీ రోడ్డు కాగుతూనే ఉంటుంది; అరచేతి వెనుక భాగాన్ని నేల మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, పిల్ల పాదాలూ ఆ నేల మీద ఆగలేవు. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున గాలి బాగానే ఉంటుంది గాని, టీకాల వరుస పూర్తికాని పిల్లను పది కుక్కలు తిరిగే చోటికి తీసుకుపోవద్దు. పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు సోకితే ఎండదెబ్బకన్నా పెద్ద ఆపద అవుతుంది.

ఇక పగటి ఆటలు. అన్నిటిలోకీ నాకు నచ్చినది గోనె సంచి ఆట. పాత సంచిని దులిపి, మడతలు మడతలుగా నేల మీద కుప్ప చేసి, పిల్ల పొద్దున తినవలసిన దాణాలో సగాన్ని ఆ మడతల్లో జల్లాలి. మా పిల్ల మొదటి రోజు సంచిని నోట కరచుకొని గదంతా ఈడ్చింది. మూడో రోజుకు మడతలోకి ముక్కు దూర్చి, ఊపిరి బుసబుసమంటూ, ఒక్కొక్క గింజనూ ఏరుకోవడం నేర్చింది. పావుగంట అలా వెతికితే గంటసేపు పడుకుంటుంది. వాసన పట్టడం కుక్కకు పెద్ద పని, చూసేవారికి అలా అనిపించకపోవచ్చు. పిల్ల మింగకుండా సంచికి వేలాడే దారాలను మాత్రం ముందే కత్తిరించాలి, ఆట అయ్యేదాకా పక్కనే కూర్చోవాలి.

ఉప్పు వేయని పలుచని చల్లను చిన్న స్టీలు గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే, నాకుతూ చాలాసేపు గడుపుతుంది. పళ్ల చిగుళ్లు దురదపెట్టే పిల్లకు ముడివేసిన తడిగుడ్డను అలాగే గడ్డకట్టించి ఇవ్వవచ్చు. వేపచెట్టు నీడలో రెండు అంగుళాల నీళ్లు పోసిన టబ్బు ఉంటే సాయంత్రం గడిచిపోతుంది. గింజలు, తొక్క తీసిన పుచ్చకాయ ముక్కలు రెండు మూడు పెట్టవచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిగడ్డ అసలే వద్దు. మామిడి టెంకను అందనివ్వరాదు, గొంతులోనో పేగులోనో ఇరుక్కుంటుంది.

పామెరేనియన్ వంటి దట్టమైన బొచ్చు పిల్లలకు గుండు కొట్టించడం పొరపాటు, ఆ బొచ్చే ఎండను కొంత ఆపుతుంది. దువ్వితే చాలు, దువ్వేటప్పుడు చెవుల వెనుక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో చూడాలి. పగ్ వంటి పొట్టి మూతి పిల్లకు రొప్పడమే కష్టం కాబట్టి దాని ఆటను ఇంకా తగ్గించాలి.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. ఆగకుండా రొప్పడం, చిగుళ్లు ఎర్రబడడం, జిగట చొంగ కారడం, తూలడం, వాంతి చేసుకోవడం ఎండదెబ్బ గుర్తులు. ఒక మధ్యాహ్నం మా పిల్ల అలా తూలితే కంగారుగా నల్లా తిప్పాను, మిద్దె మీది ట్యాంకు నుండి కాగిన నీళ్లు వచ్చాయి. అప్పటి నుండి పొద్దున్నే ఒక పెద్ద బకెట్ నింపి స్నానాలగదిలో మూత పెట్టి ఉంచుతున్నాను. ఆ నీళ్లను పొట్ట, తొడలు, పాదాలతో మొదలుపెట్టి ఒళ్లంతా తడిసేలా పోస్తూ ఫ్యాన్ గాలి తగిలించాలి, స్పృహ ఉంటే తాగనివ్వాలి గాని నోట్లో పోయరాదు, కొంత చల్లబడగానే పశువైద్యుని వద్దకు బయలుదేరాలి. దారిలోనే లేచి తోక ఊపినా వెనుదిరగవద్దు. మూత్రపిండాలకు తగిలిన దెబ్బ ఒకటి రెండు రోజుల తరువాత గాని బయటపడకపోవచ్చు.