వాల్యూ ఫంక్షన్ ఇటరేషన్ వేగంగా నడవాలంటే: నా అనుభవం

గ్రోత్ మోడల్‌ని (ఉత్పత్తిలో ఎంత ఇప్పుడు వాడుకోవాలి, ఎంత రేపటికి పొదుపు చేయాలి అని తేల్చే ఆర్థికశాస్త్ర నమూనా) వాల్యూ ఫంక్షన్ ఇటరేషన్‌తో, అంటే ఒక్కో మూలధన స్థాయి విలువని ముందు ఊహించి, అది మారడం ఆగేదాకా మళ్లీ మళ్లీ సరిదిద్దే పద్ధతితో, పైథాన్‌లో రాసుకుంటే జవాబు వస్తోంది గానీ గంటలు పట్టేస్తోంది. బీటా (రేపటి ప్రయోజనానికి ఈరోజు ఇచ్చే విలువ) 0.96 ఉన్నంతసేపూ పర్వాలేదు, 0.99 పెట్టగానే ఇక కదలదు, ఎందుకంటే అక్కడ ఒక్కో విడతకి అసలు జవాబుతో ఉన్న తేడా ఒక్క శాతమే తగ్గుతుందన్న హామీ ఉంటుంది, దాన్ని పది లక్షో వంతుకి దించాలంటే దాదాపు 1,400 విడతలు తిరగాలి.

ముందు లూపులున్న ఫంక్షన్‌కి నంబా (పైథాన్ కోడ్‌ని వేగంగా నడిచే మెషిన్ కోడ్‌గా మార్చే లైబ్రరీ) వాళ్ల ఎన్‌జిట్ తగిలించాను. మొదటిసారి పిలిచినప్పుడు కంపైల్ అవుతుంది కాబట్టి కాసేపు ఆగుతుంది, టెన్షన్ పడకండి, తర్వాత నుంచి పరుగే పరుగు. ఆపైన హోవర్డ్ పద్ధతి: పాలసీని (ఏ మూలధనం దగ్గర ఎంత పొదుపు చేయాలన్న నియమం) కదపకుండా ఓ ఇరవైసార్లు వాల్యూని మాత్రమే అప్‌డేట్ చేసి, అప్పుడు మళ్లీ గరిష్ఠం వెతకడం. అసలు టైమంతా తినేది ఆ వెతుకులాటే మరి.

వేగం సంగతి తర్వాత, లెక్క సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోండి, దయచేసి. లాగ్ యుటిలిటీ (వాడకం వల్ల కలిగే ప్రయోజనాన్ని లాగరిథమ్‌తో కొలవడం), పూర్తి తరుగుదల (మూలధనమంతా ఒక్క కాలంలోనే అరిగిపోవడం) పెడితే చేత్తోనే తేల్చుకోగల జవాబుంది: ఉత్పత్తిలో ఆల్ఫా (ఉత్పత్తిలో మూలధనం వాటా), బీటాల లబ్ధమంత పొదుపు. ఆల్ఫా 0.3, బీటా 0.96 అయితే 0.288. మీ కోడ్ దానికి దగ్గరగా రాకపోతే గ్రిడ్‌ని (లెక్క వేసే మూలధన బిందువుల వరుసని) ఇంకాస్త దట్టంగా చేసి చూడండి. సార్జెంట్, స్టాచర్స్కీల క్వాంట్‌ఎకాన్ పాఠాల్లో ఇవన్నీ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతాయి.