ట్యాబులు, ఐఎఫ్‌పీలు ఉన్న సైన్స్ క్లాసులో పిల్లల ధ్యాస చెదరకుండా ఏం చేయాలి

6, 7, 8 తరగతులకు సైన్స్ చెప్పే టీచర్ల కోసం రాస్తున్నా. మన సర్కారు బడుల్లో పిల్లలు ఫోన్లు తెచ్చుకోవడం తక్కువ, తెచ్చినా ఆఫీసు రూములో పెట్టించేస్తాం, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2023 ఆగస్టులో బడిలో పిల్లల ఫోన్లను నిషేధించారు కూడా. అందుకని ఫోన్లను తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. క్లాసులో పిల్లల ధ్యాస లాగేసేది చాలాసార్లు మనం చేతులారా ఆన్ చేసిన తెరే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు, బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర ప్యానెళ్లు, గోడలకెక్కాయి, తెలంగాణలోనూ హైస్కూళ్లకు డిజిటల్ క్లాసులు వచ్చాయి. వస్తువులొచ్చాయి గానీ, నలభై మంది ఉన్న గదిలో వాటిని ఎప్పుడు ఆపాలో చెప్పినవాళ్లు తక్కువ. నేను చెప్పేదంతా ఆ ఆపడం గురించే.

ముందుగా ఒక లెక్క. పదిహేనేళ్ల పిల్లల చదువును దేశదేశాల్లో కొలిచే పీసా సర్వే 2022లో జరిగింది, అందులో ఓఈసీడీ దేశాల (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) పిల్లల్లో సగటున 65 శాతం మంది, కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదురుతోందన్నారు. 59 శాతం మంది పక్కవాళ్ల పరికరాల వల్ల చెదురుతోందన్నారు. అది లెక్కల క్లాసు గురించి, అందులో మన దేశం లేదు, అయినా ఆ రెండో అంకె దగ్గర ఆగండి. మన దగ్గర బెంచికి ముగ్గురు. ఒకడు ట్యాబులో ఏదో తెరిస్తే పాఠం పోయేది ముగ్గురికీ.

ఇక పని మొదలెడదాం. సగం పని పీరియడ్‌కి ముందే అయిపోవాలి. పిల్లల ముందు నిలబడి యూట్యూబ్‌లో వెతకొద్దు. నెట్ రాక తెర మీద గుండ్రం తిరుగుతుంటే వెనక బెంచీల్లో సంత మొదలవుతుంది, అది ఒకసారి మొదలైతే అణచడానికి పది నిమిషాలు. కావలసిన వీడియో ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, అందులో చూపించాల్సిన రెండు నిమిషాలు ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకోండి. ఆన్‌లైన్‌లోనే చూపించక తప్పకపోతే ఆటోప్లే ఆఫ్ చేయండి, లేకపోతే సూర్యగ్రహణం అయిపోగానే ప్రపంచం ఎప్పుడు అంతమవుతుందో చెప్పే వీడియో దానంతటదే మొదలవుతుంది, ఇక ఆ రోజు ప్రశ్నలన్నీ దాని మీదే. మీ ఫోను నుంచి ప్యానెల్‌కి కాస్ట్ చేస్తున్నారా, అంటే ఫోను తెరని ప్యానెల్ మీద చూపిస్తున్నారా, ముందు ‘డు నాట్ డిస్టర్బ్’ నొక్కండి. మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో పెట్టే గుడ్ మార్నింగ్ పువ్వులు 8వ తరగతి వాళ్లకి చూపించాల్సిన అవసరం లేదు కదా.

రెండో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ప్రశ్న ముందు, తెర తర్వాత. తెర వెలిగేసరికి ప్రతి పిల్లాడి నోట్సులో ఒక జవాబు రాసి ఉండాలి, తప్పయినా సరే. విద్యుత్తు పాఠమే తీసుకోండి. ఒక సెల్లు, రెండు బల్బులు వరుసగా కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? చేతులెత్తించి బోర్డు మీద మూడు అంకెలు వేయండి. ఇప్పుడు ఫెట్ సిమ్యులేషన్ తెరవండి, అంటే తెర మీదే తీగలు, బల్బులు కలిపి చూసే ప్రయోగం. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది, ఉచితం, తెలుగులోకి మార్చినవీ ఉన్నాయి, ఫైలు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తుంది. చెయ్యెత్తినవాడు తన మాట నిజమో కాదో చూసుకోవాలి కాబట్టి తెర వైపే చూస్తాడు, పక్కకి చూడమన్నా చూడడు.

అదే సిమ్యులేషన్‌ని ట్యాబుల్లో పిల్లల చేతికిస్తే ఏం జరుగుతుందో ముందే చెప్తాను: బ్యాటరీ రెండు కొసలకీ తీగ తగిలించి మంట పుట్టిస్తారు. తెర మీద నిజంగానే మంటల బొమ్మ వస్తుంది. ఒకడు కనిపెట్టాడంటే నిమిషంలో గదంతా మంటలే. దాన్ని ఆపాలని చూడకండి, ఆగదు. మూడు నిమిషాలు మంటలు పెట్టుకోనిచ్చి, ట్యాబులు బోర్లా పెట్టించి, “ఎందుకు అంటుకుంది?” అని అడగండి. తీగలో బల్బు లేదు సార్ అని ఎవరో ఒకరు అంటారు. అక్కణ్నుంచి షార్ట్ సర్క్యూట్, ఇంట్లో ఫ్యూజు, ఎంసీబీ వరకు దారి తిన్నగా ఉంటుంది. కొత్త వస్తువు చేతికొచ్చినప్పుడు కెలికి చూడటం ఆ వయసు పిల్లల లక్షణం, ఆ టైము మీ ప్లాన్‌లోనే ఉంటే అది అల్లరి అనిపించుకోదు.

‘బోర్లా’ అన్న మాట మొదటి వారంలోనే అలవాటు చేయండి. మీరు అనగానే ట్యాబు తెర బల్ల మీదకి, చేతులు ఒళ్లోకి. వెలుగుతున్న తెర ముందు ఎంత గొంతు చించుకున్నా వినపడదు.

పిల్లలందరి దగ్గరా ట్యాబులున్నా ముగ్గురికి ఒకటే బయటికి తీయించండి. ఒకరు తెర నడుపుతారు, ఒకరు అంకెలు రాస్తారు, ఒకరు లేచి చెప్తారు, ప్రతి ప్రయోగానికీ పనులు మారాలి. మార్చకపోతే చురుకైనవాడే ఎప్పుడూ తెర లాక్కుంటాడు, ముఖ్యంగా ఆడపిల్లలు రాసే పనిలోనే ఉండిపోతారు, ఇది గమనించి తీరాలి. మీరు మాత్రం బోర్డు దగ్గర కాకుండా గది వెనక నిలబడండి. తెరలన్నీ మీకు కనిపిస్తాయి, వాళ్లకి మీరు కనిపించరు.

లాకుల సంగతి క్లుప్తంగా. ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఉంటుంది, అది పెడితే ఒక్క యాప్ మాత్రమే తెర మీద నిలుస్తుంది. పిన్ తీయాలంటే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, ఏరోప్లేన్ మోడ్ వేయించండి, సౌండు పూర్తిగా తగ్గించండి. అంతకన్నా దాని మీద ఆశ పెట్టుకోకండి, మనం పెట్టే లాకు తీసే ఉపాయం మనకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది.

చేత్తో చేయగలిగింది తెర మీద చూపించకండి. పసుపు కాగితం మీద సబ్బు నీళ్లు వేస్తే ఎర్రబడుతుంది, దీనికి వీడియో ఎందుకండీ? వంటింట్లోంచి చిటికెడు పసుపు తెస్తే చాలు. కంటికి కనపడనివి, గదిలోకి తేలేనివి, అంటే అణువుల కదలిక, గుండె కవాటాలు, గ్రహణం లాంటివాటికి తెర ఉంచుకోండి.

ఒక్కోసారి తెరే గోల తగ్గిస్తుంది. ఉల్లిపొర ప్రయోగం గుర్తుచేసుకోండి: ఒకటే మైక్రోస్కోపు, నలభై మంది వరుస, చూసినవాడు వెళ్లి కబుర్లు, చూడనివాడు తోపులాట. బదులుగా మీ ఫోను కెమెరాని మైక్రోస్కోపు ఐపీస్ (మనం కన్ను పెట్టి చూసే కటకం) మీద ఆనించి ప్యానెల్‌కి కాస్ట్ చేయండి. చెయ్యి వణుకుతుంది, స్టాండుకి రబ్బరు బ్యాండుతో కట్టేయండి. పొర మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే కణకవచాలు, కేంద్రకాలు స్పష్టంగా కనిపిస్తాయి. బొమ్మ కదలకుండా పెట్టి అందరూ ఒకేసారి గీయాలి, కేంద్రకం ఎక్కడుందో ఒకరు లేచి వచ్చి వేలితో చూపించాలి.

8వ తరగతి ధ్వని పాఠానికి ఇంకోటి. ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయంలో తయారైంది, ఫోనులో ఉన్న సెన్సార్లనే కొలిచే పరికరాలుగా వాడుతుంది. రెండు ఫోన్లు చాలు, మీదొకటి, ఇంకో టీచర్‌దొకటి. రెండింటిలో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ తెరిచి సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టండి. మొదటి ఫోను పక్కనున్న అమ్మాయి చప్పట్లు కొడితే రెండు గడియారాలూ మొదలవుతాయి, రెండో ఫోను పక్కనున్న అబ్బాయి కొడితే రెండూ ఆగుతాయి. రెండింటి సమయాల తేడా సుమారు 0.03 సెకన్లు వస్తుంది, అది ధ్వని 10 మీటర్లు వెళ్లడానికి పట్టే సమయం, భాగిస్తే సెకనుకి 340 మీటర్ల దగ్గరికి చేరతారు. చిన్న శబ్దాలకి స్పందించకుండా థ్రెషోల్డ్ (గడియారం స్పందించే శబ్దపు హద్దు) కాస్త పెంచుకోవాలి, అయినా ఎవరైనా గట్టిగా దగ్గితే కొలత పాడైపోతుంది కాబట్టి మీరు నోరు తెరవక్కర్లేదు, పిల్లలే ఒకరినొకరు ‘ష్’ అనుకుంటారు.

ఇంత చేసినా ఒకడు ఆటలోకి జారుకుంటాడు. అందరి ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇస్తే మిగతా ముప్పై తొమ్మిది మంది పాఠం కూడా పోతుంది. దగ్గరికెళ్లి మాట్లాడకుండా ట్యాబు తీసుకుని మీ బల్ల మీద పెట్టండి, వాడికి రాసే పని ఇవ్వండి, పీరియడ్ అయ్యాక తిరిగివ్వండి. వాడి తప్పు కూడా పూర్తిగా కాదు. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ 2024 సర్వేలో పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు, వాళ్లలో అంతకుముందు వారంలో సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం, చదువుకి వాడినవాళ్లు 57 శాతం. మన పిల్లలు వాళ్లకన్నా రెండు మూడేళ్లు చిన్న, అంతే. ఇంట్లో రీల్స్ తిప్పిన వేలు బడిలోనూ అలాగే తిప్పుతుంది.

మన సంగతి కూడా ఉంది. హాజరు ఎంటర్ చేయాలి, మధ్యాహ్న భోజనం ఫొటో పెట్టాలి, ఏదో ఒక యాప్ ఓటీపీ అడుగుతుంది, సర్వర్ పనిచేయదు, తెలుసు. కానీ పీరియడ్ మధ్యలో మనం ఫోను తీస్తే ట్యాబు బోర్లా పెట్టమని వాళ్లతో ఏ మొహంతో అంటాం? ఆ పనులు ఇంటర్వెల్‌కి నెట్టండి.

కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి, సెల్లు, బల్బు, తీగ ముక్కలు ఒక డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. చివరి ఐదు నిమిషాలు ప్యానెల్ ఆఫ్, ఒక్క ప్రశ్నకి చీటీ మీద జవాబు. ట్యాబులు లెక్కపెట్టి బీరువాలో పెట్టే పని గ్రూపు లీడర్లకి అప్పగించండి, అదీ బెల్లు కొట్టకముందే అయిపోవాలి, లేకపోతే తర్వాతి పీరియడ్ లెక్కల మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి వాచీ చూసుకుంటారు.