టేలర్ కడ్డీ పరీక్ష: వేగపు దెబ్బకు లోహం లొంగే తీరును కొలవడం

మెల్లగా లాగే తన్యతా పరీక్షలో తేలిన బలాన్నే, సెకనుకు 200 మీటర్ల వేగంతో తగిలే దెబ్బకూ వర్తింపజేయడం పొరపాటు. ఉక్కు, రాగి వంటి అనేక లోహాలు వికృతి రేటు (ఆకారం మారే వేగం) పెరిగిన కొద్దీ మరింతగా ఎదురు నిలుస్తాయి. ఆ తేడాను లెక్కకట్టడానికి బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1948లో ప్రచురించిన పద్ధతి నేటికీ ఉపయోగంలో ఉంది.

పరీక్షించే లోహంతో, చివరలు చదునుగా, అక్షానికి లంబంగా ఉండే గుండ్రని కడ్డీని తయారుచేసి, దాని పొడవును మైక్రోమీటరుతో కొలవాలి. మూసిన గదిలో, గ్యాస్ గన్‌తో (వాయు ఒత్తిడితో పేలే తుపాకీతో) దానిని గట్టిపరచిన ఉక్కు పలకపైకి నేరుగా ప్రయోగించాలి. గొట్టం చివర అమర్చిన రెండు లేజర్ కిరణాలను కడ్డీ దాటే సమయాల తేడా నుంచి వేగం తెలుస్తుంది. కడ్డీ కొద్దిగా వాలి తగిలినా ఒక పక్కకే ఉబ్బుతుంది కనుక ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి.

తగిలిన క్షణంలో స్థితిస్థాపక తరంగం (శాశ్వత మార్పు మిగల్చకుండా లోహంలో సాగే ఒత్తిడి అల), ఉక్కులో అయితే సెకనుకు సుమారు 5,000 మీటర్ల వేగంతో, వెనుక చివరకు పోయి తిరిగి వస్తూ వెనుక భాగం వేగాన్ని తగ్గిస్తుంది. ఈలోగా ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వ్యాసం మారకుండా మిగిలిన వెనుక భాగపు పొడవే ఈ పరీక్షకు ప్రాణం. ఉబ్బు ఎక్కడ మొదలైందో కంటితో నిర్ణయించకుండా, వ్యాసాన్ని పొడవునా కొలుస్తూ రావాలి.

తర్వాత, డైనమిక్ ఈల్డ్ ప్రతిబలాన్ని (వేగపు దెబ్బకు లోహం శాశ్వతంగా లొంగడం మొదలయ్యే ఒత్తిడిని) కనుక్కోవడానికి, సాంద్రతను వేగ వర్గంతోను, తొలి పొడవుకూ మారని పొడవుకూ గల తేడాతోను గుణించాలి. మొత్తం పొడవులో తగ్గుదలను రెట్టింపు చేసి, దాన్ని తొలి పొడవు, మారని పొడవుల నిష్పత్తి సహజ సంవర్గమానంతో గుణించి, వచ్చిన దానితో ఆ లబ్ధాన్ని భాగించాలి. ఉదాహరణకు 50 మి.మీ. ఉక్కు కడ్డీ సెకనుకు 200 మీటర్ల వేగంతో తగిలి 42 మి.మీ.కు కుదించుకుపోయి, అందులో 20 మి.మీ. మారకుండా మిగిలితే, డైనమిక్ ఈల్డ్ ప్రతిబలం సుమారు 640 మెగాపాస్కల్స్ అవుతుంది. ఇది సగటు అంచనా మాత్రమే. కడ్డీ పొడవునా వికృతి రేటు ఒకేలా ఉండదు.

వేగం పెంచుతూ పోతే వైఫల్యం బయటపడుతుంది. విచ్చుకున్న అంచు చుట్టూ సాగలేక రేకుల్లా చీలితే అది తన్యతా విచ్ఛిత్తి, అంటే లాగుడుకు పగలడం. ఏటవాలుగా తెగితే, వేడి బయటికి పోయే వ్యవధి లేక ఒక సన్నని పొర మెత్తబడి జారిందని అనుమానించాలి. టైటానియం మిశ్రలోహాల్లో ఇది తరచు కనిపిస్తుంది. కడ్డీని నిలువునా కోసి, మెరుగుపెట్టి, సూక్ష్మదర్శినిలో చూస్తేనే ఇది రుజువవుతుంది. పగిలిన కడ్డీ కొలతలను పై లెక్కలో వాడకుండా, వేగం తగ్గించి మరో కడ్డీతో పరీక్షించాలి.