శుక్రవారం కూడికలో రిస్పా గురించి ఎలా చెప్పాలి

స్త్రీల కూడికలో వాక్యం చెప్పే అక్కలకు ఇది. ఏడాది పొడుగునా మనం రూతు, ఎస్తేరు, హన్నా చుట్టూనే తిరుగుతాం. వాళ్ళు కావాల్సిందే. కానీ పాత నిబంధనలో నాలుగు వచనాల్లో కనిపించి వెళ్ళిపోయే ఆడవాళ్ళ దగ్గర కూడా కాసేపు ఆగండి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడటం మొదలుపెడతారు.

ముందు రిస్పా. 2 సమూయేలు 21వ అధ్యాయం, 1 నుంచి 14వ వచనం దాకా. మన బైబిల్ గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి ఒకసారి ఉన్నదున్నట్టు చదివించి, తర్వాత ఎవరో ఒకరితో ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పించండి. రిస్పా ఇశ్రాయేలు రాజు సౌలుకి ఉపపత్ని. సౌలు గిబియోనీయులనే జాతివాళ్ళను చంపించిన తప్పుకి ఆమె ఇద్దరు కొడుకుల్నీ, సౌలు మనవలు ఐదుగుర్నీ ఆ గిబియోనీయులకే అప్పగిస్తే కొండ మీద ఉరితీశారు. యవల కోత మొదలైన రోజులవి. ఆమె గోనెపట్ట పరుచుకుని, వాన కురిసేదాకా అక్కడే ఉండి, పగలు పక్షుల్నీ రాత్రి మృగాల్నీ ఆ శవాల మీదికి రానివ్వలేదు.

ఇప్పుడు ఆమె ఏం మాట్లాడిందో వెతకమనండి. ఒక్క మాట కూడా దొరకదు. అప్పుడు ఆమె చేసిన పనులు మాత్రం ఒక్కొక్కటీ చెప్పించండి: తీసుకుంది, పరిచింది, కాసింది. మా కోనసీమలో దాళ్వా కోతలప్పుడు రోడ్డు పక్కన బరకాల మీద ధాన్యం ఆరబోసి, కర్ర పట్టుకుని కూర్చునే ఒక మామ్మగారు ఇది విని, "మరి ఆ తల్లి నిద్ర ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగారు. నేను అన్నేళ్ళుగా చదువుతున్నా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఇలాంటి ప్రశ్న వస్తే వెంటనే జవాబు చెప్పేయకండి, కాసేపు అలా ఉండనివ్వండి. వాక్యంలో లేనిది కల్పించి చెప్పడం కూడా వద్దు. చివరికి ఆమె చేసింది దావీదు రాజు చెవిన పడి, సౌలు, అతని కొడుకు యోనాతానుల ఎముకలతో పాటు వీళ్ళ ఎముకలూ సేకరింపజేశాడు, ఆ తర్వాతే దేశం కోసం చేసిన ప్రార్థనను దేవుడు ఆలకించాడని రాసి ఉంది. కూడికలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే, ఈ భాగం చదవబోతున్నామని ముందు రోజే వాళ్ళింటికెళ్ళి చెప్పండి, రాలేనంటే బలవంతం చేయకండి.

తర్వాత వారం హాగరు, ఆదికాండం 16. ఎవరు ఆమెను ఏమని పిలుస్తున్నారో వేలు పెట్టి చూపించండి. శారయికి "నా దాసి", అబ్రాముకి "నీ దాసి". ఆమె ఇల్లు విడిచి పారిపోయాక, పేరు పెట్టి పిలిచింది అరణ్యంలో దేవుని దూతే. కువైట్‌లో ఇంటిపని చేసొచ్చినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు, వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దేవునికి "చూచుచున్న దేవుడవు నీవే" అని పేరు పెట్టింది ఈ పరాయి దేశపు పనిమనిషే. ఆ రోజు ప్రార్థన ఆ ఒక్క మాటతోనే చేయించండి, ఇంకేం కలపొద్దు.

సంఖ్యాకాండం 27లోని సెలోపెహాదు ఐదుగురు కూతుళ్ళకు ఒక్క కూడిక చాలు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా మోషే ముందు నిలబడి నాన్న భూమిలో భాగం అడిగారు, వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు. మనకు వర్తించే 1925 వారసత్వ చట్టంలో, తండ్రి వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుక్కీ సమాన భాగమేనని అదే రోజు చెప్పండి, చాలామందికి తెలియదు.

ఆ పై వారానికి నిర్గమకాండం 1 చదువుకు రమ్మనండి. అందులో ఫరో పేరెక్కడుందో, మంత్రసానుల పేర్లెక్కడున్నాయో వెతికి రమ్మనండి.