కంపెనీ పేరు చూసి పిల్లలకు గేమ్ ఇవ్వకండి

దసరా సెలవులు వస్తే నల్లగొండలో అయినా పాలమూరులో అయినా పిల్లలు ముందుగాల అడిగేది ఫోనే. "ఆ కంపెనీవన్నీ పిల్లల ఆటలే" అని గేమ్ ఎక్కించి ఇచ్చేవాళ్లు చాలామంది. అసలు పిల్లల ఆటల కంపెనీ అనే పేరు ఎట్లా వచ్చిందో చూస్తే ఎంతవరకు నమ్మొచ్చో అర్థమవుతుంది.

పబ్లిషర్, అంటే గేమ్‌ను విడుదల చేసే కంపెనీ పేరు బాగా ఆడిన రెండు మూడు గేమ్‌ల మీదనే నిలబడుతుంది. నింటెండో అంటే పిల్లలు ఆడే మారియో, రాక్‌స్టార్ అంటే నేరాలు, తుపాకులు ఉండే జీటీఏ. 1993లో నెత్తురు పారే కొట్లాట గేమ్ మోర్టల్ కాంబాట్, టీవీకి పెట్టి ఆడే ఇంటి మిషన్లకు వచ్చినప్పుడు నింటెండో నెత్తురు తీసేయించి చెమట చుక్కలు పెట్టించింది. పోటీ కంపెనీ సెగా మిషన్‌లో ఒక కోడ్ నొక్కితే నెత్తురు కనబడేది. జనం సెగాదే ఎక్కువ కొన్నారు. గొడవ అమెరికా సెనేట్ దాకా పోయి 1994లో ఏ గేమ్ ఏ వయసుకో చెప్పే ఈఎస్ఆర్‌బీ రేటింగ్ పుట్టింది. అదే ఏడాది మోర్టల్ కాంబాట్ 2ను నింటెండో నెత్తురుతోనే రానిచ్చింది. 2014లో పెద్దలకే పనికొచ్చే బయోనెట్టా 2 గేమ్‌ను నింటెండో తనే విడుదల చేసింది. అటు జీటీఏ రాక్‌స్టార్ 2006లో అందరూ ఆడుకునే టేబుల్ టెన్నిస్ గేమ్ తెచ్చింది.

మన దగ్గర పబ్జీ మొబైల్‌ను 2020లో నిషేధించారు. 2021లో కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్నే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తెచ్చి, నెత్తురుకు పచ్చరంగు వేసి, 18 ఏండ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటల హద్దు పెట్టింది. రంగు మారినా అది తుపాకుల ఆటే.

అందుకే గేమ్ గేమ్‌కూ వయసు అంకె చూడాలి. ప్లే స్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కకముందే 3+, 7+, 12+, 16+, 18+ అని ఉంటుంది. దాన్ని నొక్కితే కారణం కూడా చెబుతుంది. గేమ్ చేసినవాళ్లు ఒక ప్రశ్నాపత్రం నింపితే, వాళ్ల జవాబులను బట్టి ఆ అంకె వస్తుంది. కాబట్టి మొదటి పది నిమిషాలు పిల్లల పక్కన కూర్చొని చూడటం మంచిది. "యూజర్స్ ఇంటరాక్ట్" అని ఉంటే జర ఆగండి, మైకులో ముక్కూ మొహం తెలియనివాళ్లు మాట్లాడతారు. ఆ మాటలు అంకె లెక్కలోకి రావు.

తర్వాత ప్లే స్టోర్ పైమూలన ఉన్న ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్‌లోకి పోయి ఆన్ చేయండి. పిన్ పెట్టి, యాప్స్ అండ్ గేమ్స్‌లో వయసు ఎంచుకోండి. ఫోన్ లాక్‌కు వాడే నంబరే పిన్‌గా పెడితే లాభం లేదు, అది పిల్లలకు ముందే తెలుసు. ఈ తాళం ఆ ఒక్క ఫోనుకే పడుతుంది, తాత ఫోనులో మళ్లీ పెట్టాలి. ఇదివరకే ఎక్కించిన గేమ్‌లు పోవు, చేత్తో తీసేయాలి. స్నేహితులు వాట్సాప్‌లో పంపే ఏపీకే ఫైళ్లను (ప్లే స్టోర్ లేకుండానే గేమ్ ఎక్కించేవి) కూడా ఇది ఆపదు. డబ్బులు పోకుండా, కొన్నప్పుడల్లా పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుకోండి.

పాత గేమ్ డిస్క్ కొంటే డబ్బా ముందువైపు కింది మూల చూడండి. పెగీ (యూరప్ వాళ్ల వయసు రేటింగ్) గుర్తులో 3, 7 పచ్చరంగులో, 12, 16 నారింజలో, 18 ఎరుపులో ఉంటాయి. డబ్బా లేకుండా డిస్క్ ఒక్కటే ఇస్తే, పైసలు ఇవ్వకముందే గేమ్ పేరు పెగీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోండి.